ఒకే డాన్, మూడు చావులు: కార్మైన్ ఫాల్కోన్ ఎవరు, గోథమ్‌కి అతను ఎందుకు కావాలి

2022లో వచ్చిన ‘ద బ్యాట్‌మన్’ సినిమాలో గోథమ్ అనే కల్పిత నగరపు మాఫియా పెద్ద కార్మైన్ ఫాల్కోన్‌గా జాన్ టర్టురో నటించాడు. ఆ కథకే కొనసాగింపుగా 2024లో వచ్చిన ‘ద పెంగ్విన్’ సిరీస్‌లో, గతం చూపించే సన్నివేశాల్లో, అదే ఫాల్కోన్‌గా మార్క్ స్ట్రాంగ్ కనిపించాడు. 2005లో క్రిస్టఫర్ నోలన్ తీసిన ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ గుర్తున్నవాళ్లకు ఫాల్కోన్ అంటే టామ్ విల్కిన్సన్. ‘గోథమ్’ టీవీ సిరీస్ చూసినవాళ్లకు జాన్ డోమన్. ఒకచోట అతన్ని టూ-ఫేస్ అనే విలన్ కాల్చి చంపుతాడు, ఇంకోచోట రిడ్లర్ అనే మరో విలన్, మరోచోట సొంత కూతురే చంపిస్తుంది. నోలన్ సినిమాలో చావు కూడా లేదు, పిచ్చెక్కి పిచ్చాసుపత్రిలో పడతాడు. కూతురు సోఫియా ఒక కథలో హంతకురాలు, మరో కథలో చెయ్యని హత్యలకు శిక్ష పడిన అమాయకురాలు. క్యాట్‌వుమన్ అతని కూతురా కాదా అనేది ఇంకో తగువు.

ఏది అసలు కథ అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు లేదు. ఇన్ని మార్పుల మధ్య మారకుండా నిలబడింది మాత్రం ఒకటుంది. అతీత శక్తులేమీ లేని ఈ ముసలాయన చేతిలో నగరం ఎలా ఉందన్నది. దాన్ని పట్టుకుంటే మిగతా చిక్కులు విడదీయడం తేలిక. (ముందే చెప్తున్నాను, కథల ముగింపులు దాచకుండా రాస్తున్నాను.)

గూండా ముఠాకీ మాఫియాకీ తేడా

నలుగురు కలిసి దోచుకుంటే అది ముఠా. నాయకుడు జైలుకి వెళ్తే చెదిరిపోతుంది. మాఫియా నాయకుడు జైలుకి వెళ్లినా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ పదవులున్నాయి. పైన బాస్, అతని కింద అండర్‌బాస్, సలహా చెప్పే కన్సిలియెరే, దళాలను నడిపే కాపోలు, వాళ్ల కింద సోల్జర్లు. పోలీసులకు నోరు విప్పకూడదన్న కట్టుబాటు పేరు ఒమెర్తా. ఇటలీలోని సిసిలీలో పుట్టిన ఈ పద్ధతి వలసలతో పాటు అమెరికా చేరింది. 1931లో లక్కీ లూచియానో చొరవతో ‘కమిషన్’ అనే పెద్దల పంచాయతీ ఏర్పడింది. న్యూయార్క్‌లోని ఐదు కుటుంబాలు, బయటి మరికొన్ని కుటుంబాలు తగాదాలు తీర్చుకునే వేదిక అది.

అయితే మాఫియా అసలు సంపాదన దొంగతనాల్లో లేదు. చట్టబద్ధమైన వ్యాపారం మీద కప్పం వెయ్యడంలో ఉంది. 1980లలో న్యూయార్క్ కాంక్రీట్ పనుల కథ దీనికి మంచి ఉదాహరణ. 20 లక్షల డాలర్లు దాటిన కాంట్రాక్టులు ఎవరికి దక్కాలో కుటుంబాలే పంచేవి, విలువలో 2 శాతం తీసుకునేవి. కోటి డాలర్ల పని దక్కినవాడు 2 లక్షల డాలర్లు సమర్పించుకోవాలి. ఆ ఖర్చుని అతను బిల్లులో కలిపేస్తాడు. చివరికి భారం పడేది ఆ భవనంలో ఇల్లు కొనుక్కున్నవాడి మీద. అతనికి తుపాకీ ఎవరూ గురిపెట్టలేదు, తను దోపిడీకి గురయ్యానని కూడా అతనికి తెలియదు.

ఇలాంటి నేరాన్ని ముసుగు వేసుకుని సందులో కొట్టి ఆపడం ఎలా? బ్యాట్‌మన్ ముందు ఫాల్కోన్ పెట్టే అసలు చిక్కు ఇదే.

1987 దాకా ఇలాంటి పాత్ర ఎందుకు రాలేదు

బ్యాట్‌మన్ కామిక్స్‌లో గ్యాంగ్‌స్టర్లు మొదటి నుంచీ ఉన్నారు. బ్యాట్‌మన్ సహచరుడు రాబిన్ తల్లిదండ్రులను చంపించిన టోనీ జుక్కో 1940లోనే వచ్చాడు. తర్వాత టూ-ఫేస్‌గా మారే ప్రాసిక్యూటర్ హార్వే డెంట్ ముఖాన యాసిడ్ పోసిన మరోని 1942 నాటి పాత్ర. కానీ వీళ్లంతా కథ అయిపోగానే అరెస్టయ్యే దుర్మార్గులు. పోలీసు కమిషనరే వాళ్ల జేబులో ఉన్నాడని చూపించే కథలు కావు.

1954 తర్వాత అలా చూపించడానికి దారే లేకుండా పోయింది. కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయన్న గోలతో అమెరికా సెనేట్‌లో విచారణలు జరిగాయి. ప్రభుత్వం కత్తెర పట్టుకునేలోపే ప్రచురణకర్తలు తమకు తామే ‘కామిక్స్ కోడ్’ పెట్టుకున్నారు. పోలీసులు, న్యాయమూర్తులు, ప్రభుత్వ సంస్థల మీద గౌరవం తగ్గేలా దేన్నీ చూపకూడదన్నది అందులో ఒక నియమం. అంటే లంచగొండి కమిషనర్ బొమ్మ గీయడమే తప్పు. 1971లో సడలించారు. అవినీతిపరుడైన అధికారిని చూపొచ్చు, కానీ అది అరుదైన సంగతిగా ఉండాలి, చివర్లో అతనికి శిక్ష పడాలి.

ఈలోగా, బ్యాట్‌మన్‌ని ప్రచురించే డీసీకి పోటీ కంపెనీ మార్వెల్ వేరే దారులు వెతికింది. 1967లో స్పైడర్‌మన్ కథలో ‘కింగ్‌పిన్’ని తెచ్చింది. తెల్ల కోటు వేసుకున్న కొండంత మనిషి, నేరాన్ని కంపెనీలా నడిపేవాడు. అసలు మాఫియా పేరు వాడకుండా ‘మాగ్గియా’ అని ఒక కల్పిత సంస్థనీ పెట్టుకుంది. ఆ జాగ్రత్త వెనక కారణం లేకపోలేదు. ఇటలీ మూలాలున్న అమెరికన్లందరినీ గ్యాంగ్‌స్టర్లుగా చూపిస్తున్నారన్న అసంతృప్తి అప్పటికే ఉంది. 1970లో ఆ నిరసనను ఉద్యమంగా నడిపినవాడు జో కొలంబో, నిజ జీవితంలో స్వయంగా ఒక మాఫియా కుటుంబానికి బాస్! ‘గాడ్‌ఫాదర్’ సినిమా స్క్రిప్టులోంచి ‘మాఫియా’ అన్న మాట తీయించింది కూడా ఆ ఉద్యమమే. నిరసన నడిపినవాడు దొంగ కాబట్టి ఫిర్యాదు అబద్ధమనుకుంటే పొరపాటు. ఫాల్కోన్, మరోని, జుక్కో, ఇవన్నీ ఇటాలియన్ పేర్లే కదా అని అడిగే పాఠకుడి ప్రశ్న ఇప్పటికీ న్యాయమైనదే. దీనికి అటువైపు వాదన కూడా ఉంది: ఈ కథల్లో ఫాల్కోన్‌కి అమ్ముడుపోయినవాళ్లు ఒకే జాతివాళ్లు కారు, మేయర్ నుంచి కానిస్టేబుల్ దాకా అన్ని రకాలవాళ్లూ ఉన్నారు.

ఇక 1987కి వద్దాం. 1986 నవంబరులో న్యూయార్క్ ‘కమిషన్ కేసు’లో మాఫియా కుటుంబాల పెద్దలను దోషులుగా తేల్చారు. మరుసటి జనవరిలో వాళ్లలో చాలామందికి తలా 100 ఏళ్ల శిక్ష పడింది. ఒక్కో నేరాన్ని కాక నేర సంస్థ మొత్తాన్నీ కోర్టుకి లాగే వీలు కల్పించిన 1970 నాటి రికో చట్టం వల్లే అది సాధ్యమైంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఫ్రాంక్ మిల్లర్ రాసి, డేవిడ్ మాజుకెల్లి బొమ్మలు వేసిన ‘బ్యాట్‌మన్: ఇయర్ వన్’ నాలుగు సంచికలుగా, 404 నుంచి 407 దాకా, వచ్చింది. ‘ద రోమన్’ అని మారుపేరున్న కార్మైన్ ఫాల్కోన్ పుట్టింది అందులోనే. విచిత్రం ఏమిటంటే అదే 1987 డిసెంబరులో ఇటలీలోని పలెర్మోలో మాఫియా మీద మహా విచారణ తీర్పు వచ్చింది. వందలమందికి శిక్ష పడిన ఆ కేసును నిర్మించిన మేజిస్ట్రేట్లలో ముఖ్యుడి పేరు జొవాన్ని ఫాల్కోనే. 1992లో మాఫియా ఆయన్ని బాంబు పెట్టి చంపింది. రెండు పేర్లూ కలగాపులగం చేసుకోవద్దు. ఒకరు కాగితం మీది డాన్, మరొకరు డాన్లను జైలుకి పంపిన మనిషి.

గోర్డన్‌ని లొంగదీయడానికి ఎన్ని మెట్లు

‘ఇయర్ వన్’లో ఫాల్కోన్ కనిపించేది తక్కువ. అతని బలం కనిపించేది మాత్రం నిజాయితీపరుడైన పోలీసు జిమ్ గోర్డన్‌కి జరిగేవాటిలో. వరసగా చూడండి.

మొదట గోర్డన్‌ని తమలో కలుపుకోవాలని చూస్తారు. తోటి డిటెక్టివ్ ఫ్లాస్ మంచి స్నేహితుడిలా తిప్పుతాడు. గోర్డన్ లంచం ముట్టడని తేలాక ముసుగులేసుకున్న సాటి పోలీసులే బేస్‌బాల్ బ్యాట్లతో కొడతారు. దానికీ లొంగడు, ఫ్లాస్‌ని పట్టుకుని తిరిగి తంతాడు. అప్పుడు పై అధికారి దిగుతాడు. సహోద్యోగినితో గోర్డన్‌కున్న సంబంధం ఫోటోలు చూపించి కమిషనర్ లోబ్ బెదిరిస్తాడు. గోర్డన్ వెళ్లి భార్యకి తనే నిజం చెప్పేసుకుంటాడు. దాంతో ఆ ఆయుధమూ పనికిరాదు. ఇక ఆఖరున, అప్పుడే, ఫాల్కోన్ కుటుంబం నేరుగా రంగంలోకి వస్తుంది. మేనల్లుడు జానీ విటి మనుషులతో వచ్చి గోర్డన్ పసికందును ఎత్తుకుపోతాడు.

స్నేహం, దెబ్బలు, బ్లాక్‌మెయిల్, కిడ్నాప్. మొదటి మూడూ చేసింది పోలీసు శాఖ. డాన్ మనుషులు తుపాకీ తీయాల్సి వచ్చిందంటే అప్పటికే అతని వ్యవస్థ విఫలమైందని అర్థం. అందుకే నాకు ఫాల్కోన్ కథల్లో తుపాకీ పేలే ఘట్టాల కన్నా అతను తాపీగా భోంచేసే ఘట్టాలే ఎక్కువ భయం వేస్తాయి.

భోజనం అంటే గుర్తొచ్చింది. అదే కథలో బ్యాట్‌మన్ మొదట్లో వీధి దొంగలను కొడుతున్నప్పుడు కమిషనర్ లోబ్ పెద్దగా పట్టించుకోడు. జనం తాము భద్రంగా ఉన్నామనుకుంటున్నారు, ఉంటే ఉండనీ అనుకుంటాడు. నగర పెద్దలు, లోబ్, ఫాల్కోన్ కలిసి కూర్చున్న విందు గోడ బద్దలు కొట్టి బ్యాట్‌మన్ లోపలికి వచ్చి, ఇక మీలో ఎవరూ క్షేమం కాదని హెచ్చరించాకే పోలీసు బలగం మొత్తం అతని మీద పడుతుంది. నోలన్ సినిమాలో ఇదే విషయం ఇంకో రూపంలో వస్తుంది. రెస్టారెంట్‌లో ఫాల్కోన్, తర్వాత బ్యాట్‌మన్ కాబోయే కుర్ర బ్రూస్ వేన్‌కి చుట్టూ కూర్చున్నవాళ్లను చూపిస్తాడు. వాళ్లలో జడ్జి ఉన్నాడు, నగర నాయకులున్నారు, డ్యూటీలో లేని పోలీసులున్నారు. వాళ్లందరి ఎదుటే నిన్ను కాల్చేసినా నాకేమీ కాదంటాడు. ఎవరూ తల తిప్పరు.

గోదాములో మూలిగే డబ్బు

ఫాల్కోన్ మీద వచ్చిన కథల్లో అందరూ ముందు చెప్పేది ‘ద లాంగ్ హాలోవీన్’. జెఫ్ లోబ్ (కథలోని కమిషనర్ కాదు, రచయిత) రాయగా టిమ్ సేల్ బొమ్మలు వేసిన 13 సంచికల కథ, 1996–97లో వచ్చింది. మేనల్లుడు జానీ విటి పెళ్లి సంబరంతో మొదలవుతుంది. ‘గాడ్‌ఫాదర్’ సినిమా మొదటి ఘట్టం చూసినవాళ్లకు పోలిక వెంటనే తడుతుంది, రచయిత అది దాచుకోలేదు కూడా. ఆ పెళ్లిలో ఫాల్కోన్ బ్రూస్ వేన్‌ని అడిగేది ప్రాణం కాదు, బ్యాంకులో సాయం. గోథమ్ సిటీ బ్యాంక్‌లో తన డబ్బు జమ చేయనివ్వాలి. బ్రూస్ ఒప్పుకోడు.

ఇంత పెద్ద డాన్‌కి బ్యాంకు అకౌంట్ కోసం ఇంత తాపత్రయం ఎందుకో ఒక చిన్న లెక్క చెప్తుంది. అమెరికా నోటు ఏదైనా సుమారు 1 గ్రాము బరువు. కోటి డాలర్లు 20 డాలర్ల నోట్లలో వస్తే 5 లక్షల నోట్లు, అంటే 500 కిలోలు. అర టన్ను కాగితం. దాంతో భవనం కొనలేం, ఎన్నికలకు చెక్కు రాయలేం, ఇంకో దేశానికి పంపలేం. ఎలుకలు కొట్టొచ్చు, పనివాడు నొక్కేయొచ్చు, తగలబడొచ్చు. అదే డబ్బు బ్యాంకులో పడి ఏదో కంపెనీ లాభంగా బయటికొస్తే పన్ను పోయినా మిగిలింది తెల్లది. నల్లడబ్బును ఇలా తెల్లగా మార్చడాన్నే మనీ లాండరింగ్ అంటారు.

బ్యాట్‌మన్, డెంట్ కలిసి ఆ దెబ్బే కొడతారు. ఫాల్కోన్ నోట్ల గుట్టలు దాచిన గోదాముని తగలబెట్టేస్తారు. కథ మొత్తంలో ఫాల్కోన్‌కి తగిలిన అతి పెద్ద ఆర్థిక దెబ్బ అదే. అరెస్టు చేస్తే లాయర్ బెయిల్ తెస్తాడు, బూడిదకి బెయిల్ లేదు. అయితే న్యాయశాఖ అధికారి అయిన డెంట్ చట్టం దాటి నిప్పు పెట్టడంలో పాల్గొన్నాడన్న సంగతి మరిచిపోకూడదు. టూ-ఫేస్‌గా మారడానికి యాసిడ్ ఒక్కటే కారణం కాదని అనేవాళ్లు ఈ ఘట్టాన్నే చూపిస్తారు.

కుటుంబమే బలం, కుటుంబమే గండం

‘లాంగ్ హాలోవీన్’లో ప్రతి పండగకీ ఒక హత్య జరుగుతుంది. .22 తుపాకీ, పాలసీసా పీకతో చేసిన సైలెన్సర్, పక్కన ఆ పండగకి సంబంధించిన వస్తువు. చనిపోయేవాళ్లు ఎక్కువగా ఫాల్కోన్ మనుషులు, ప్రత్యర్థి మరోని మనుషులు. ‘హాలిడే’ అని పేరు పడ్డ ఆ హంతకుడు ఎవరు? కొత్త ఏడాది వేడుకల రాత్రి చనిపోయాడనుకున్న ఫాల్కోన్ చిన్న కొడుకు ఆల్బర్టో తనే హాలిడేనని ఒప్పుకుంటాడు. తండ్రి తనను ఎప్పుడూ వ్యాపారానికి దూరంగా ఉంచాడన్న కసి. చివరి పేజీల్లో మాత్రం డెంట్ భార్య గిల్డా, మొదటి హత్యలు తనే చేశానని ఏకాంతంలో చెప్పుకుంటుంది. ఆమె మాట నమ్మాలా వద్దా అని పాఠకులు ఇప్పటికీ వాదించుకుంటారు. కథ తీర్పు ఇవ్వదు.

ఫాల్కోన్‌కి ఇది శత్రువుల దాడిగా కనిపించింది. మరోని మీద అనుమానం, మరోనికి ఇతని మీద అనుమానం. ఇద్దరూ ఒకరినొకరు చంపుకుంటూ పోయారు. ఇంట్లో ఉన్నవాడి మీద చూపు పోలేదు. వారసత్వం రక్తంతోనే సాగే సంస్థకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. పనికిరాడనుకున్న కొడుకుని ఉద్యోగంలోంచి తీసేసినట్టు తీసేయలేరు.

ముసుగు మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు

అభిమానుల మధ్య ఎక్కువ వేడి పుట్టించే ప్రశ్న ఇది. సూటు వేసుకున్న డాన్లు పోయి జోకర్, పాయిజన్ ఐవీ, స్కేర్‌క్రో లాంటివాళ్లు గోథమ్‌ని ఎందుకు ఆక్రమించారు?

ఒక వాదన బ్యాట్‌మన్‌దే తప్పంటుంది. మనిషి గబ్బిలం వేషంలో తిరిగితే అవతలివాళ్లూ వేషం కడతారు. ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ ముగింపులో గోర్డన్ సరిగ్గా ఈ భయమే వెలిబుచ్చుతాడు. రెండో వాదన, ఖాళీ అయిన కుర్చీ గురించి. భయం పెట్టే డాన్ ఉన్నంతకాలం చిల్లర దొంగ నుంచి పిచ్చివాడి దాకా అందరూ హద్దులో ఉంటారు, అతన్ని తీసేస్తే ఎవడి ఆట వాడిది. ‘గోథమ్’ టీవీ సిరీస్‌లో ఫాల్కోన్ తన గురించి తాను చెప్పుకునే సమర్థన కూడా దాదాపు ఇదే. నేరానికీ ఒక క్రమశిక్షణ ఉండాలి, అది నేనే ఇస్తున్నానంటాడు. వినడానికి సబబుగానే ఉంటుంది, చెప్తున్నది ఎవరో మరిచిపోతే.

‘లాంగ్ హాలోవీన్’ని జాగ్రత్తగా చదివితే మూడోది కనిపిస్తుంది, నాకు ఎక్కువ బలంగా అనిపించేదీ అదే. తలుపు తీసింది ఫాల్కోనే. బ్రూస్ వేన్ బ్యాంకు విషయంలో మొండికేస్తే అతని మనసుని వశం చేసుకోవడానికి పాయిజన్ ఐవీని పెడతాడు. హాలిడే ఎవరో కనుక్కోమని రిడ్లర్‌ని పిలుస్తాడు. ఆ తర్వాత స్కేర్‌క్రో, మ్యాడ్ హ్యాటర్‌లను కూడా వాడుకుంటాడు. ప్రతిసారీ అతనికది తాత్కాలిక ఏర్పాటే. చివర్లో టూ-ఫేస్ అతని ఆఫీసులోకి వచ్చి కాల్చేటప్పుడు వెంట ఉన్నది ఈ వింత మనుషుల గుంపే. నోలన్ సినిమాలోనూ అంతే. స్కేర్‌క్రోగా మారే డాక్టర్ క్రేన్ విషాన్ని సరుకు పెట్టెల్లో ఊళ్లోకి దిగుమతి చేయించింది ఫాల్కోన్, చివరికి ఆ విషమే పీల్చి మతి పోగొట్టుకుందీ అతనే.

బ్యాట్‌మన్ ప్రభావం లేదని దీని అర్థం కాదు. అతని ఒత్తిడి లేకపోతే ఫాల్కోన్‌కి అలాంటివాళ్ల అవసరమే పడేది కాదు. ఒకటి రెండోదాన్ని తోసిందనుకోవడమే సరైన లెక్క.

వేన్ కుటుంబానికి బాకీ

బ్రూస్ తండ్రి థామస్ వేన్ డాక్టర్. తుపాకీ గుండు తగిలి చావుబతుకుల్లో ఉన్న కుర్ర కార్మైన్‌ని అతని తండ్రి విన్సెంట్, వేన్ కుటుంబ భవనానికి తెస్తాడు, థామస్ ఆపరేషన్ చేసి బతికిస్తాడు. చిన్న బ్రూస్ మెట్ల మీద నుంచి చూస్తాడు. ‘లాంగ్ హాలోవీన్’లో ఇది డాక్టర్ ధర్మం గురించిన ప్రశ్న. ఆ రోజు నాన్న అతన్ని చావనిచ్చి ఉంటే గోథమ్ బాగుండేదా అని బ్రూస్‌ని తొలుస్తుంది.

2022 సినిమా ఇదే పరిచయాన్ని తిప్పి చూపించింది. భార్య కుటుంబ రహస్యాన్ని బయటపెట్టబోతున్న విలేకరిని బెదిరించమని థామసే ఫాల్కోన్‌ని అడుగుతాడు, ఫాల్కోన్ ఏకంగా చంపేస్తాడు. థామస్ చనిపోయాక నగర పునరుద్ధరణకి అతను కేటాయించిన నిధి ఫాల్కోన్, అధికారులు పంచుకునే ఖజానా అవుతుంది. మరోనిని పట్టించి పోలీసులకు పేరు తెచ్చిన రహస్య ఇన్ఫార్మర్ కూడా ఫాల్కోనే. డ్రగ్స్ మీద యుద్ధంలో నగరం గెలిచిందనుకున్నది నిజానికి ఒక వ్యాపారి పోటీదారుని తొలగించుకోవడం. ఒమెర్తా గురించి పైన చెప్పుకున్నాం కదా, ఆ కట్టుబాటు తప్పినవాడే సింహాసనం ఎక్కాడు.

కూతుళ్ల లెక్క

కామిక్స్‌లో సెలీనా కైల్, అంటే క్యాట్‌వుమన్, ఫాల్కోన్ తన తండ్రి అని అనుమానిస్తుంది. ‘లాంగ్ హాలోవీన్’కి కొనసాగింపైన ‘డార్క్ విక్టరీ’లో ఆ అనుమానం బయటపడుతుంది, 2004–05లో వచ్చిన ‘క్యాట్‌వుమన్: వెన్ ఇన్ రోమ్’లో దాని కోసమే ఇటలీ వెళ్తుంది. గట్టి రుజువు దొరకదు. 2022 సినిమా ఆ సందిగ్ధం తీసేసింది. అక్కడ ఆమె అతని కూతురే, ఆమె తల్లిని గొంతు పిసికి చంపిందీ అతనే.

సోఫియా విషయంలో మార్పు ఇంకా పెద్దది. 1999–2000 నాటి ‘డార్క్ విక్టరీ’లో పోలీసులను ఉరితీసి చంపే ‘హ్యాంగ్‌మన్’ సోఫియాయే, తండ్రి మీద ప్రేమతో చేసిన పగ అది. ‘ద పెంగ్విన్’ రచయితలు అదే పేరు తీసుకుని కథ తలకిందులు చేశారు. ఆడవాళ్లను గొంతు పిసికి చంపింది తండ్రి, ‘హ్యాంగ్‌మన్’ ముద్ర వేసి పదేళ్లు ఆర్ఖమ్ ఆసుపత్రిలో పెట్టించింది కూతుర్ని. క్రిస్టిన్ మిలియోటికి 2025లో ఎమ్మీ తెచ్చిన పాత్ర ఇది. పాత అభిమానుల్లో కొందరికి ఈ మార్పు నచ్చలేదు. కామిక్స్‌లోని ఫాల్కోన్‌కి కనీసం కుటుంబం మీద ప్రేమ ఉందని, అది తీసేస్తే అతను మామూలు రాక్షసుడైపోయాడని వాళ్ల బాధ. అందులో కొంత నిజముంది. అయితే కమిషనర్‌నీ జడ్జినీ కొన్నవాడు ఇంట్లో ఎలా ఉంటాడన్న ప్రశ్న పాత కథలు అడగలేదు. సోఫియాని లోపల పెట్టడానికి తుపాకీ అక్కర్లేకపోయింది. బంధువులు రాసిచ్చిన ఉత్తరాలు, డాక్టర్ల సంతకాలు సరిపోయాయి.

ఆ సిరీస్‌లో సోఫియా బయటికొచ్చాక దాదాపు కుటుంబం మొత్తాన్నీ గ్యాస్‌తో చంపి, తండ్రి ఇంటిపేరు వదిలేసి తల్లి ఇంటిపేరు గిగాంటే పెట్టుకుంటుంది. ఆఖరికి పెంగ్విన్ అని పిలిచే ఆజ్ కాబ్ చేతిలో ఓడి మళ్లీ ఆర్ఖమ్ చేరుతుంది. అక్కడ ఆమెకు సెలీనా కైల్ నుంచి ఉత్తరం వస్తుంది, సవతి చెల్లెలి హోదాలో. కాబట్టి తెర మీది కథ వరకు తండ్రెవరన్న తగువు తీరిపోయినట్టే. కామిక్స్ చదివేవాళ్లు మాత్రం ఇంకొన్నాళ్లు వాదించుకోవచ్చు.